పాలంపేట రుద్రేశ్వర దర్శనము – మా మాటకొక సవరణ



గత సంవత్సరము కార్తిక మాసములో ఇదే మంటపమున కాకతీయుల శివభక్తిని గూర్చి ప్రసంగించుచు, పాలంపేట ఆలయమును రామప్ప అను శిల్పి నలువది సంవత్సరములు శ్రమించి నిర్మించినాడనియు, ఆ శ్రమకు మెచ్చిన కాకతీయ ప్రభువు ఆలయమునకు శిల్పి పేరే పెట్టించినాడనియు మేము చెప్పియున్నాము. కథగా కాదు, చరిత్రగానే చెప్పినాము. శ్రోతలలో కొందరు పుస్తకములలో వ్రాసికొనుట మా కన్నులార చూచినాము. తరువాత ఆ ప్రసంగము అచ్చయి మీ చేతులకు వచ్చినది కూడ. ఆ మాటలో సవరింపవలసినది కలదు. సవరణ మాత్రమే చెప్పవలెనన్న మూడు వాక్యములు చాలును. కాని అది మాకు తెలిసివచ్చిన తీరును చెప్పకున్న దాని బరువు మీకు తెలియదు. గావున ఈ కార్తికములో మేము కుటుంబ సమేతముగా పాలంపేటకు వెళ్ళివచ్చిన ఒక్క దినపు యాత్రను మీ ముందుంచుచున్నాము.

మొదట మా తండ్రిగారిని గూర్చి కొంత చెప్పవలెను. వారు ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసినారు. ఏటేట పిల్లలను బస్సులో రామప్ప గుడికి తీసికొనిపోయెడివారు. మేమును రెండు మార్లు ఆ బస్సులో వెళ్ళినవారమే. అచ్చటి నంది యెదుట పిల్లలను కూర్చుండబెట్టి వారు రామప్ప కథ చెప్పెడివారు. "వచ్చినప్పుడు రామప్ప తల నల్లన, పోయినప్పుడు తెల్లన" అనునది వారి కథలో చివరి మాట. ఇంటికి వచ్చిన రాత్రి భోజనము వడ్డించుచున్న మా అమ్మగారికి ఆ కథయే మరల చెప్పెడివారు. అమ్మగారు ఒక్కమారైనను ఆ గుడి చూడలేదు. ఒక యేడు ఇంట పసిపిల్ల, ఒక యేడు అత్తగారి అనారోగ్యము, ఒక యేడు వరికోత. "వచ్చే యేడు నిన్ను తీసికొనిపోయెదను" అని తండ్రిగారు అనుచునే యుండిరి. రెండు సంవత్సరముల క్రిందట శివైక్యము చెందినారు. అమ్మగారికి ఇప్పుడు డెబ్బది యెనిమిదేండ్లు. "మోకాళ్ళు ఇంకా మాట వింటున్నవి. ఈ కార్తికంలో ఆ గుడి చూపించు నాయనా" అని ఆమెయే అడిగినది.

హైదరాబాదు నుండి తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరినాము. కారు నడిపినది మా అబ్బాయి. వెనుక అమ్మగారు, మా యింటావిడ, చరిత్రలో ఎం.ఏ. చదువుచున్న మా అమ్మాయి. పులిహోర, దద్ధ్యోదనము, సర్వపిండి డబ్బాలలో సర్దుకొన్నాము. కొబ్బరికాయలు, ఆవునేయి, నూటెనిమిది వత్తులు అమ్మగారి సంచిలో ఉన్నవి. ఆ సంచిని ఆమె దారి పొడుగున ఒడిలోనుండి దింపలేదు. భువనగిరి యొద్దకు వచ్చునప్పటికి తెల్లవారినది. ఆ ఏకశిలా పర్వతము మంచులో సగము కనబడి సగము కనబడక యుండెను. ఆలేరు, జనగామ దాటి కాజీపేట మీదుగా హనుమకొండ చేరినాము.

హనుమకొండలో వేయిస్తంభముల గుడి చూడక ముందుకు పోవుట తగదు. భక్తికి మాత్రమే కాదు, చరిత్రకును అది తగదు. పాలంపేట ఆలయమును అర్థము చేసికొనుటకు తాళపుచెవి ఇచ్చటనే యున్నది. కాకతీయులు తొలుత రాష్ట్రకూటులకు, పిదప కల్యాణి చాళుక్యులకు సామంతులు. చాళుక్యుల బలము సన్నగిల్లిన కాలమున కాకతి రుద్రదేవుడు స్వతంత్రుడైనాడు. 1163వ సంవత్సరపు హనుమకొండ శాసనము ఆ స్వాతంత్ర్యమును చాటుచున్నది. ఆ సందర్భముననే ఆయన ఈ త్రికూటాలయమును నిర్మించి శివుని, వాసుదేవుని, సూర్యుని మూడు గర్భాలయములలో ప్రతిష్ఠించినాడు. శివునకు పెట్టిన పేరు రుద్రేశ్వరుడు. శివునకు రుద్రనామము వేదప్రసిద్ధము. కాని ఇచ్చట ఆ పేరులో మరియొక అర్థము కూడ కలదు. ప్రతిష్ఠించిన ప్రభువు పేరు రుద్రుడు గనుక ఆయన ఈశ్వరుడు రుద్రేశ్వరుడైనాడు. ప్రతిష్ఠ చేసినవారి పేరుతోనో, వారి తల్లిదండ్రుల పేరుతోనో స్వామిని పిలుచుట ఆనాటి దేశమంతట నడచిన ఆచారము. దీనిని అహంకారమని కొందరనెదరు. మాకట్లు తోచదు. తన పేరును స్వామికిచ్చినవాడు, తాను పోయిన పిదప తన పేరు పలికెడి ప్రతి నోటను స్వామియే పలుకబడవలెనని కోరినవాడు.

ఆ ఆలయపు కల్యాణ మంటపమును 2006లో రాయి రాయిగా విప్పినారు. 2024 మహాశివరాత్రి నాటికి గాని అది మరల నిలువలేదు. పదునెనిమిదేండ్లు. విప్పుటకే లెక్కలు, గుర్తులు, అంకెలు వేయవలసివచ్చినది. ఏ లెక్క లేని రాతిగుట్టను ఆలయముగా ఎత్తిన వారి శ్రమ ఎంతటిదో ఇప్పటి మన ఆలస్యమే చెప్పుచున్నది. అమ్మగారు అచ్చట నంది చెవిలో ఏదో చెప్పుకొన్నది. ఏమని మేము అడుగలేదు.

హనుమకొండ దాటి ములుగు దారి పట్టిన తరువాత మా అమ్మగారు తండ్రిగారి కథను ఎత్తుకొన్నది. నలువది యేండ్లు, రామప్ప, నల్లని తల, తెల్లని తల. కారులో అందరము వినుచున్నాము. కథ ముగిసినది. అప్పుడు మా అమ్మాయి, చదువుకొన్నది గనుక, నెమ్మదిగానే అనినది. "నానమ్మా, ఆ గుడి శాసనంలో రామప్ప అనే శిల్పి పేరు ఎక్కడా లేదు. కట్టించింది రేచర్ల రుద్రుడు."

"మరి రామప్ప?"

"ఆ పేరు తరువాత జనం చెప్పుకున్నది, నానమ్మా."

అమ్మగారు కొంతసేపు కిటికీ వైపు చూచినది. పిమ్మట, "అయితే మీ తాత అన్ని వందల మంది పిల్లలకు అబద్ధం చెప్పినారా బిడ్డా?" అనినది.

కారులో ఎవరును మాట్లాడలేదు. నిజమునకు ఆ ప్రశ్న మా అమ్మాయిని అడిగినదే గాని, దెబ్బ తగిలినది మాకు. గత సంవత్సరము ఇచ్చట మీ యెదుట నిలుచుండి అదే కథను చరిత్రయని చెప్పినది మేము గదా. తండ్రిగారు చిన్నపిల్లలకు చెప్పినారు, మేము పెద్దలకు చెప్పినాము. వారు పుస్తకములు దొరకని పల్లెలో చెప్పినారు, మేము పుస్తకములు ఉండియు చూడక చెప్పినాము. తండ్రిగారి నోటిమాట మీది గౌరవముతో పరిశీలించవలసిన పనిని మానుకొన్నాము. గౌరవమునకు, సోమరితనమునకు నడుమ గోడ మిక్కిలి పలుచన అని ఆ దినమున మాకు తెలిసినది.

ములుగునకు ముందు గట్టమ్మ తల్లి గుడి యొద్ద ఆ దారిని పోవు వాహనములన్నియు ఆగును. మేడారము పోవువారు ఆగక పోనే పోరు. మేమును ఆగి కొబ్బరికాయ కొట్టినాము. మా అమ్మాయి నానమ్మ చేయి పట్టుకొని దింపినది, చేయి పట్టుకొని ఎక్కించినది. మాట మాత్రము లేదు. జంగాలపల్లి యొద్ద ప్రధాన రహదారి విడిచి వెంకటాపురము దారి పట్టి, వరిచేల నడుమ పాలంపేట చేరునప్పటికి పదకొండు గంటలు దాటినది.

ఇక ఆలయము. తూర్పుముఖముగా, నక్షత్రాకారమున తీర్చిన ఆరడుగుల ఎత్తు గల అధిష్ఠానముపై నిలిచియున్నది. గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి. స్తంభములు, దూలములు, మదనికలు మాత్రము అద్దమువలె నునుపుదేరిన నల్లరాయి. శిఖరము ఇటుకలతో కట్టినది. ఆ ఇటుకలు నీటిలో వేసిన తేలును. లోపల సన్నని రంధ్రములు గల తేలికపాటి ఇటుకలవి. క్రింది రాతికట్టడముపై భారము తగ్గించుటకై చేసినారు. నేల మాత్రము అచ్చటచ్చట అలలవలె ఎగుడు దిగుడుగా నున్నది. భూమి కదలినప్పుడు నేల కుంగినను స్తంభములు కూలలేదు. పునాది గోతిలో ఇసుక నింపి దానిపై కట్టిన విధానమే ఇందుకు కారణమని ఇంజనీరులు చెప్పుచున్నారు. పక్కనున్న కామేశ్వరాలయము మాత్రము కుంగిపోగా, పునర్నిర్మించు ఉద్దేశముతో దానిని విప్పవలసివచ్చినది.

అమ్మగారు మెట్లు ఎక్కుటకు చాలసేపు పట్టినది. ప్రతి మెట్టు మీద ఆగి, చేయి గోడకానించి, అచ్చటి ఏనుగుల వరుసను చూచుచు ఎక్కినది. తొందర చేసిన మా అబ్బాయితో, "ఇవి ఎక్కడికి పోతున్నాయో చూడనీ నాయనా" అనినది. ఆ ఏనుగులు ఆలయము చుట్టును నడచుచునే యున్నవి. ప్రదక్షిణము చేయునది మనమొక్కరమే కాదని అప్పుడు తోచినది.

మహామంటపమునకు మూడు దిక్కుల ప్రవేశములు. ఆ ప్రవేశముల చూరుల క్రింద ఏటవాలుగా నిలిచిన మదనికలు పండ్రెండు. నిలువెత్తు విగ్రహములు. ఒక్కొక్కరి భంగిమ ఒక్కొక తీరు. ఒకామె మేనిని పాములు చుట్టుకొన్నవి. ఒకామె కాలికి ఎత్తు మడమ గల పాదరక్ష యున్నది. దానిని చూపి దారిచూపువాడు నవ్వించుట పరిపాటి. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి చెప్పును చూచి మా యింటావిడ కూడ నవ్వినది. లోపల రంగమంటపమున నాలుగు నల్లని స్తంభముల నడుమ గుండ్రని వేదిక. దూలములపై క్షీరసాగర మథనము, త్రిపురసంహారము. బయటి కాంతి ఆ నునుపైన రాళ్ళపై పడి చెదరి గర్భాలయమువరకు పోవుచున్నది. పట్టపగలు దీపము లేకున్నను స్వామి కనబడును. ఒక ప్రక్క పొన్నచెట్టు క్రింద గోపికల నడుమ కృష్ణుడు. అచ్చట రాతిని మెల్లగా తాకిన స్వరములు పలుకునని దారిచూపువాడు తట్టి వినిపించినాడు. తాకి తాకి ఆ రాయి అరిగిపోవునేమో అని మాకు దిగులు. మీరు వెళ్ళినప్పుడు తట్టవలదని మా మనవి.

ఇచ్చట మరియొక సంగతి. ఈ శిల్పములకును, జాయపసేనాని రచించిన నృత్తరత్నావళికిని సంబంధము చెప్పుదురు. గణపతిదేవుని గజసాహిణియైన జాయప ఆ గ్రంథమును 1254 ప్రాంతమున పూర్తిచేసినాడు. ఆయన చెల్లెండ్రు నారాంబ, పేరాంబ గణపతిదేవుని దేవేరులు. గ్రంథమును చూచి శిల్పము చెక్కినారని కొందరు ఉపన్యాసకులు చెప్పగా విన్నాము. కాలము లెక్కింపుడు. శాసనము 1213 నాటిది, గ్రంథము నలువది యేండ్లు వెనుకటిది. రాతిలో కనబడు నాట్యము అప్పటికే దేశమున ఆడబడుచుండినది. శిల్పి దానిని చూచి చెక్కినాడు, పండితుడు దానిని చూచి వ్రాసినాడు అనుట ఎక్కువ పొసగును. 2011లో దివంగతులైన నటరాజ రామకృష్ణగారు పేరిణి శివతాండవమును మరల నిలబెట్టినప్పుడు గ్రంథమును, ఈ రాళ్ళను రెండింటిని దగ్గర పెట్టుకొనియే పనిచేసినారు.

స్వామికి అభిషేకము చేయించినాము. అర్చకులు సంకల్పములో గోత్రనామములు అడిగినప్పుడు అమ్మగారు తండ్రిగారి పేరు కూడ చెప్పినది. వారు లేరు గదా అని మేము మెల్లగా అనబోగా ఆమె చేయి ఎత్తి వారించినది. అర్చకులు అర్థము చేసికొని ఏమియు అనక మంత్రము చదివినారు.

దర్శనమైన తరువాత ఆవరణలోనున్న చిన్న మంటపము యొద్దకు పోయినాము. అందులో నాలుగు ప్రక్కల అక్షరములు చెక్కిన నల్లని స్తంభము కలదు. మేము చిన్నతనమున రెండు మార్లు వచ్చియు దానిని చూచిన గుర్తు లేదు. పిల్లలము ఏనుగులను, నందిని చూచితిమి గాని అక్షరములను చూడలేదు. మా అమ్మాయి శాసన పాఠమును కాగితముపై తెచ్చుకొన్నది. భాష సంస్కృతము, లిపి ఆనాటి తెలుగు లిపి. కొన్ని అక్షరములు నేటి కన్నులకును పట్టువడును.

అందున్న తిథి ఇది. శక సంవత్సరము 1135, శ్రీముఖ నామ సంవత్సరము, చైత్ర శుక్ల అష్టమి, ఆదివారము, పుష్యమీ నక్షత్రము. ఇంగ్లీషు లెక్కకు 1213 మార్చి 31. శ్రీరామనవమికి ముందునాటి తిథి. పంచాంగము చూచు అలవాటు గలవారు గమనింపుడు. ఆ శ్రీముఖ సంవత్సరము అరువదేండ్ల చక్రములో పదమూడు మార్లు తిరిగి సరిగా 1993లో మనకు వచ్చిపోయినది. ఆ యుగాదికి మనలో ఎందరమో శ్రీముఖ పంచాంగ శ్రవణము చేసినాము. పాలంపేట స్వామికి అది పదమూడవ శ్రీముఖమని ఆనాడు మాకు తెలియదు.

ఆ తిథి నాడు రేచర్ల రుద్రుడు ఆటుకూరు అను పట్టణములో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి, స్వామి కైంకర్యమునకై ఉపరపల్లి, బొర్లపల్లి గ్రామములను సమర్పించినాడు. కట్టించినది రాజు కాదు, రాజు సేనాని. ఇది మా గత ప్రసంగములోని రెండవ తప్పు.

ఈ రుద్రుని కథ మీరు తప్పక వినదగినది. దానిని విడిచి, శిల్పి కథ ఒక్కటియే ఇన్నాళ్ళు చెప్పుకొన్నందుకు మాకు చింత కలిగినది. స్వాతంత్ర్యము సాధించిన కాకతి రుద్రదేవుని తరువాత ఆయన తమ్ముడు మహాదేవుడు రాజైనాడు. మూడు సంవత్సరములు ఏలినాడో లేదో, దేవగిరి యాదవులతో యుద్ధమున మరణించినాడు. ఆయన కుమారుడు గణపతిదేవుడు యాదవుల చేత బందీయైనాడు. రాజు లేడు, యువరాజు చెరలో నున్నాడు. రాజ్యమునకు ఇంతకంటె దుర్దశ ఏమి కలదు? సామంతులు తలలెత్తుటకును, పొరుగువారు పొలిమేర దాటుటకును ఇదియే సమయము. ఆ కాలమున రాజ్యము చెదరిపోకుండ కాచినవాడు రేచర్ల రుద్రుడు. యాదవరాజు జైతుగి గణపతిదేవుని విడిచిపెట్టినప్పుడు ఆయనకు తిరిగివచ్చుటకు ఒక రాజ్యము మిగిలియుండినదన్న అది ఈ సేనాని చలువయే. కాకతిరాజ్యభారధౌరేయుడు అని ఆయనకు బిరుదము. కాకతి రాజ్యపు కాడిని మోసినవాడు అని అర్థము. కాడి మోసినాడు గాని బండి నాదని అనలేదు.

1199లో సింహాసనమెక్కిన గణపతిదేవుడు అరువది యేండ్లకు పైగా ఏలి తెలుగుదేశమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినాడు. ఆ పట్టాభిషేకమునకు పదునాలుగేండ్ల తరువాత సేనాని ఈ ఆలయమును ప్రతిష్ఠించినాడు. పదునాలుగు అనగానే మీ మనస్సులు అయోధ్యకు, నందిగ్రామమునకు, పాదుకలకు పోవునని మాకు తెలియును. ఆ ముడి వేయుట చరిత్ర కాదు. ఇప్పుడే ఒక సవరణ చెప్పుకొనుచు మరియొక తప్పునకు బీజము వేయజాలము. కాని ఆ స్తంభము యెదుట మాకును భరతుడే మనసులో మెదలినాడని దాచవలసిన పనిలేదు.

ఇక ఆ పేర్లను చూడుడు. హనుమకొండలో రాజు రుద్రుడు, స్వామి రుద్రేశ్వరుడు. పాలంపేటలో సేనాని రుద్రుడు, స్వామి రుద్రేశ్వరుడు. కాని చుట్టుప్రక్కల ఏ పల్లెలోనైనను రుద్రేశ్వరుని గుడి ఎక్కడని అడిగిన ఒక్క క్షణము ఆలోచింతురు. రామప్ప గుడి అన్న వెంటనే చేయి చూపుదురు. గుడి రామప్ప, చెఱువు రామప్ప, స్వామి రామలింగేశ్వరుడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగిపోయిన తరువాత దానధర్మములు చెడినవి, శాసనములు చదువువారు పోయినారు, రేచర్ల రుద్రుని పేరు రాతిలోనే నిద్రించినది. దానిని మేలుకొలిపినది పండితుల కృషి. నిజాము రాజ్యమున 1914లో పురావస్తుశాఖ ఏర్పడినది. దాని అధిపతి గులాం యజ్దానీగారు ఈ ఆలయమును అంగుళమంగుళము పరిశీలించి 1922లో పాలంపేట ఆలయములను గూర్చి గ్రంథము ప్రకటించినారు. శాసనములను లయొనెల్ బార్నెట్ అను సంస్కృత పండితుడు పరిష్కరించినాడు. మన స్వామి అసలు పేరును మనకు తిరిగి అప్పగించినవారిలో ఒకరు మహమ్మదీయులు, ఒకరు ఆంగ్లేయులు. వారికి కృతజ్ఞత చెప్పకుండ ఈ ప్రసంగము సాగదు.

2021 జూలై 25న ఈ ఆలయమును యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, కాకతీయ రుద్రేశ్వర అని వ్రాసి, ప్రక్కన కుండలీకరణములలో రామప్ప అని వ్రాసినారు. శాసనము పేరు ముందు, జనుల పేరు కుండలీకరణములలో. ఆ పద్ధతి మాకు న్యాయముగానే తోచినది. ఆ నలువది సంవత్సరముల మాట కూడ చూడుడు. నిర్మాణము 1213లో మొదలై సుమారు నలువది యేండ్లు సాగియుండునని ఆ జాబితా వివరణ చెప్పును. నలువది యేండ్లు కట్టగా 1213లో పూర్తియైనదని మన ప్రాంతపు కథ చెప్పును. ఒకే అంకె, ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు. శాసనము నుండి మనకు నిశ్చయముగా దక్కునది 1213లో ప్రతిష్ఠ, గ్రామదానము. అంతవరకే చెప్పుట మన పని.

స్తంభము యెదుట జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము. అమ్మగారు కొంగుతో కండ్లద్దములు తుడుచుకొని వంగి చూచినది.

"రుద్రుడని ఎక్కడుంది బిడ్డా?"

మా అమ్మాయి కాగితముతో సరిచూచుకొని, రాతిని తాకకుండ వ్రేలితో చూపినది.

"రుద్రుడంటే స్వామియే కదా?"

"స్వామి పేరూ అదే, కట్టించినాయన పేరూ అదే నానమ్మా."

"మరి చెక్కినాయన?"

మా అమ్మాయి కాగితము మడిచినది. "చెక్కినాయన పేరు లేదు నానమ్మా. ఒక్కరు కూడా కాదు, ఎందరో ఉండి ఉంటారు. ఒక్కరి పేరూ రాయలేదు."

అమ్మగారు మదనికల వైపు ఒకమారు చూచినది. "ఇంత పని చేసినవాళ్ళకు పేరు లేకుండా పోతుందా? అందుకే మనవాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారు" అనినది.

భక్తులారా, ఈ మాటను కూడ చరిత్రయని మీకు చెప్పబోము. అది ఒక ముసలితల్లి ఊహ. రామప్ప అను పేరు రామలింగేశ్వరుని నుండి వచ్చినదా, మరి యే పెద్దమనిషి నుండి వచ్చినదా అనుటకు ఆ స్తంభము సాక్ష్యమీయదు. కాని మా అమ్మాయి ఆ మాటకు ఎదురు చెప్పలేదు. మెట్లు దిగునప్పుడు నానమ్మ భుజము చుట్టును చేయి వేసి దింపినది. మేము వెనుక నడచుచు, చదువుకొన్న పిల్ల మాటను మేమే మొదట విని, మేమే అమ్మగారికి మెత్తగా చెప్పియుండిన ఉదయము కారులో ఆ గంట మౌనము ఉండెడిది కాదు గదా అనుకొన్నాము.

నంది యొద్ద అమ్మగారు కూర్చున్నది. తండ్రిగారు పిల్లలను కూర్చుండబెట్టినది సరిగా అచ్చటనే. ఆ నంది పండుకొనియున్న నంది కాదు, పిలుపు విని లేవబోవుచున్న నంది. చెవులు నిక్కి, మెడలో గంటలపేరు కదలినదా అన్నట్లుండును. అమ్మగారు సంచిలోనుండి వత్తులు తీసినది. కట్టడము లోపల రాతికి మసి పట్టునని చెప్పగా, బయట, అర్చకులు చూపిన చోట వెలిగించినది. గాలికి కొన్ని ఆరినవి. ఆరిన వాటిని మరల వెలిగించుటకు మా అబ్బాయి అగ్గిపెట్టె మొత్తము ఖర్చు చేసినాడు.

అచ్చటి నుండి చెఱువుకట్ట మీదికి పోయి భోజనము చేసినాము. గుట్టల నడుమ కట్ట వేసి నీటిని ఆపినారు. కాకతీయుల కాలపు పెద్దలు గుడి కట్టినచోట చెఱువు త్రవ్వక మానలేదు. నేటికిని ఆ నీరు క్రింది పొలములకు పారుచున్నది. దేవునికి గ్రామములు ఇచ్చిన శాసనమును ఎవరైనను చెరుపవచ్చును, చదువుట మరువవచ్చును. చెఱువును మరచుట ఏ రైతు తరము కాదు. పులిహోర తినుచున్నప్పుడు మా అబ్బాయి, "తాతయ్య ఈ కట్టమీదనే పిల్లలకు అన్నం పెట్టించేవారా?" అని అడిగినాడు. అవునన్నాము. అరటియాకులలో పెట్టించి, ఆకులు నీటిలో వేయవలదని బెదిరించెడివారు.

ఇంతకు మేము చేయదలచిన సవరణ. గత సంవత్సరపు పుస్తకము మీయొద్ద నున్నచో దయచేసి ఇట్లు దిద్దుకొనుడు. పాలంపేట ఆలయమున స్వామి పేరు శాసనము ప్రకారము రుద్రేశ్వరుడు. కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. శిల్పి రామప్ప అనునది జనుల కథ, శాసనమున లేదు. ఈ తప్పు మాదే. మా తండ్రిగారి మీద దానిని వేయము. వారు మాకు కథ ఇచ్చినారు, చరిత్రయని ముద్ర వేసినది మేము. ట్రస్టువారు దయతో ఈ పుటలను మాకు ఇచ్చినందుకు కృతజ్ఞులము.

తిరుగు ప్రయాణములో చీకటిపడినది. జనగామ దాటిన తరువాత మా యింటావిడ నిద్రించినది. వెనుకనుండి మెల్లగా అమ్మగారి గొంతు వినవచ్చినది. మా అమ్మాయి అడిగినది గాబోలు, ఆమె మరల ఆ కథను మొదటినుండి చెప్పుచున్నది. రేచర్ల రుద్రుడు అను సేనాని యుండెననియు, చెరలో నున్న రాజు రాజ్యమును కాచెననియు మొదలుపెట్టినది. ఉదయము ఆ భాగము కథలో లేదు. పిదప రామప్ప వచ్చినాడు, ఉలి పట్టినాడు, నలువది యేండ్లు గడచినవి. "వచ్చినప్పుడు తల నల్లన, పోయినప్పుడు తెల్లన" అని తండ్రిగారి మాటతోనే ముగించి, ఒక్క క్షణము ఆగి, "అని మీ తాత చెప్పేవారు" అనినది.